డక్స్‌ఫర్డ్ వదిలిన ఫ్లయింగ్ లెజెండ్స్: ఒక ఎయిర్‌షో ఊరు మారిన కథ

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఫ్లయింగ్ లెజెండ్స్ అని ఒక ఎయిర్‌షో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు, దానికి కాస్త ముందువీ వెనకవీ కలిసి ఎగిరే షో. 1993లో మొదలై 2019 దాకా కేంబ్రిడ్జ్ దగ్గర డక్స్‌ఫర్డ్‌లో జరిగింది. 2023లో ఉత్తరాన యార్క్‌షైర్‌కి, చర్చ్ ఫెంటన్ అనే ఎయిర్‌ఫీల్డ్‌కి మారింది. అక్క అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది, ఈ విమానాలంటే ప్రాణం. "ఒక రన్‌వే కాకపోతే ఇంకో రన్‌వే, అంత బాధ దేనికి?" అని ఫోన్‌లో అడిగాను. ఆ జవాబు మీరూ వినాలని ఈ ఎపిసోడ్. చెప్పు అక్కా.

అక్క: అందరికీ నమస్కారం. వీడి ప్రశ్న చాలామందికి వచ్చేదే. ఉప్పల్‌లో పెట్టాల్సిన మ్యాచ్‌ని వైజాగ్‌లో పెట్టినట్టు అనుకుంటారు. పాత విమానాల విషయంలో అలా కుదరదు. అయితే దానికి ముందు ఇది ఏ రకం షోనో చెప్పాలి. మనవాళ్లకి ఎయిర్‌షో అనగానే యలహంకలో జరిగే ఏరో ఇండియా గుర్తొస్తుంది. జెట్‌లు, సూర్యకిరణ్ టీమ్, కింద కంపెనీల స్టాళ్లు. ఫ్లయింగ్ లెజెండ్స్‌లో అమ్మకాలూ ఒప్పందాలూ ఉండవు. ఎగిరేవి దాదాపు అన్నీ పిస్టన్ ఇంజిన్, ప్రొపెల్లర్ ఉన్న విమానాలే. వాటిలో చాలావాటి వయసు ఎనభై దాటింది.

తమ్ముడు: అంటే మ్యూజియంలో ఉండాల్సినవి.

అక్క: మ్యూజియంలో ఉండాల్సినవి అని మనం అనుకునేవి. కర్టిస్ హాక్ 75 అని ఒక ఫైటర్ ఉంది. అమెరికాలో తయారైంది, ఫ్రాన్స్ వాయుసేన కోసం. అలా ఫ్రాన్స్ కోసం తయారైనవాటిలో ఇప్పుడు ఎగరగలిగేది ప్రపంచం మొత్తం మీద అదొక్కటే. గ్లాస్టర్ గ్లాడియేటర్ అని ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలున్న ఫైటర్ ఉంది, గుడ్డ తొడుగు వేసినది. బేర్‌క్యాట్ ఉంది, పద్దెనిమిది సిలిండర్ల ఇంజిన్. ఇవన్నీ ద ఫైటర్ కలెక్షన్ అనే సంస్థ షోలో ఎగరేసినవి. ఆ సంస్థని పెట్టింది స్టీఫెన్ గ్రే. ఫ్లయింగ్ లెజెండ్స్ నడిపేది వాళ్లే. వాళ్ల దగ్గర రెండో యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ ఒకటి ఉంది, మార్క్ 14 రకం, నంబర్ ఎంవీ293. అది మన దేశం నుంచి వెళ్లినదే తెలుసా?

తమ్ముడు: మన దేశం నుంచా?

అక్క: అవును. యుద్ధం అయిపోయే రోజుల్లో ఇండియాకి పంపారు. తర్వాత మన ఎయిర్‌ఫోర్స్ దాన్ని బెంగళూరు జాలహళ్లిలో మెకానిక్‌లకి పాఠాలు చెప్పడానికి వాడుకుంది. 1970లలో మన దగ్గర పక్కన పడేసిన స్పిట్‌ఫైర్లని ఇంగ్లండ్ వాళ్లు వెతికి కొనుక్కెళ్లారు, వాటిలో ఇదొకటి. విప్పి, బాగుచేసి, మళ్లీ గాల్లోకి లేపారు. దీని ఇంజిన్ గ్రిఫన్, దాదాపు 37 లీటర్లు. మామూలు స్పిట్‌ఫైర్లలో ఉండే మెర్లిన్ 27 లీటర్లు. మెర్లిన్ శబ్దం నున్నగా పాట పాడినట్టు ఉంటుంది. గ్రిఫన్ అలా కాదు, ఛాతీ లోపల అదురుతుంది. ఆ తేడా రికార్డింగ్‌లో రాదు, ఎంత మంచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నా రాదు. నేను మనుషుల్ని షోకి రమ్మని పోరేది అందుకే.

తమ్ముడు: సరే, షోలో ఏం చేస్తారు? వరసగా ఒక్కొక్కటీ వచ్చి ఎగురుతాయా?

అక్క: జట్లు జట్లుగా ఎగురుతాయి. కానీ అందరూ ఎదురుచూసేది చివరి అంశం కోసం. దాన్ని బాల్బో అంటారు. ఇటలో బాల్బో అని ముసోలిని ప్రభుత్వంలో వైమానిక మంత్రి. 1933లో రెండు డజన్ల సముద్ర విమానాల్ని ఒకే దళంగా నడిపించి ఇటలీ నుంచి షికాగో దాకా తీసుకెళ్లాడు. అప్పట్నుంచి పెద్ద గుంపుగా ఎగిరితే ఆయన పేరే. ఫ్లయింగ్ లెజెండ్స్ ముగింపులో ఆ రోజు ఎగిరిన విమానాలు వీలైనన్ని ఒకే ఫార్మేషన్‌లో జనం ముందు నుంచి వెళ్తాయి. స్పిట్‌ఫైర్లు, మస్టాంగ్‌లు, కోర్సెయిర్లు, హాక్‌లు, అన్నీ కలిపి.

తమ్ముడు: అన్నిటి వేగమూ ఒకటి కాదు కదా?

అక్క: అదే అసలు కష్టం. గ్లాడియేటర్ లాంటిది పూర్తి బలంతో వెళ్తుంటే బేర్‌క్యాట్ బ్రేక్ వేసుకుంటున్నట్టు వెళ్లాలి. ముందున్న విమానం రెక్కల వెనక గాలి సుడి తిరుగుతుంది, దానిలోకి వెళ్లకూడదు. లేచే క్రమం, కలిసే చోటు, ఇంధనం, దిగే క్రమం అన్నీ పొద్దున్నే పైలట్లందరూ కూర్చుని మాట్లాడుకుంటారు. అన్ని విమానాలు ఒక చోట చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ లోపు జనం ఖాళీ ఆకాశం చూస్తూ ఉండకుండా ఒక ఫైటర్ ఒంటరిగా వచ్చి విన్యాసాలు చేస్తుంది. ఆ ఒంటరి పైలట్‌ని జోకర్ అంటారు. ఆ పని స్టీఫెన్ గ్రే కూడా స్వయంగా చేశారు. గుంపు దూరంగా చిన్న చుక్కల్లా కనిపించగానే జోకర్ తప్పుకుంటాడు.

తమ్ముడు: నువ్వు చెప్తుంటేనే చూడాలనిపిస్తోంది. ఇంతకీ డక్స్‌ఫర్డ్ ప్రత్యేకత ఏంటి?

అక్క: రెండు. ఒకటి చరిత్ర, రెండోది పని. చరిత్ర ముందు చెప్తాను. డక్స్‌ఫర్డ్ మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో కట్టిన ఎయిర్‌ఫీల్డ్. 1938 ఆగస్టులో రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కి మొట్టమొదటి స్పిట్‌ఫైర్ చేరింది ఇక్కడికే, 19వ స్క్వాడ్రన్ అనే దళానికి. 1940లో జర్మన్ విమానాలతో బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ అనే ఆకాశ యుద్ధం జరుగుతున్నప్పుడు, డగ్లస్ బేడర్ అనే పైలట్ నడిపిన బిగ్ వింగ్, అంటే కొన్ని స్క్వాడ్రన్‌లు కలిసిన పెద్ద దళం, లేచింది ఇక్కణ్నుంచే. 1943లో అమెరికన్లు వచ్చారు, మొదట థండర్‌బోల్ట్‌లతో, తర్వాత మస్టాంగ్‌లతో. 1961లో ఎయిర్‌ఫోర్స్ దీన్ని మూసేసింది. 1970లలో ఇంపీరియల్ వార్ మ్యూజియం చేతికి వచ్చింది. అంటే అక్కడ స్పిట్‌ఫైర్ లేస్తుంటే నువ్వు చూసేది బొమ్మలాట కాదు. 1938లో లేచిన చోటి నుంచే లేస్తోంది, వెనక అవే హ్యాంగర్లు, అంటే విమానాల షెడ్లు.

తమ్ముడు: పని అంటే?

అక్క: ఎగిరే పాత విమానం ఉన్న చోట దాన్ని బతికించే మనుషులుండాలి. డక్స్‌ఫర్డ్‌లో ద ఫైటర్ కలెక్షన్‌తో పాటు ఇంకా ఇలాంటి సంస్థలు ఉన్నాయి. ఒక స్పిట్‌ఫైర్‌కి పొద్దున మాగ్నెటో, అంటే ఇంజిన్‌కి నిప్పురవ్వ అందించే భాగం, ఇబ్బంది పెడితే రెండు హ్యాంగర్ల అవతల దాన్ని విప్పగలిగినవాడు దొరుకుతాడు. రేకు పని తెలిసినవాళ్లు, ఇంజిన్ మనుషులు, ఈ విమానాల కాగితాలు చూసే ఇన్‌స్పెక్టర్లు అందరూ ఒకే చోట. బీ-17 బాంబర్ శాలీ బీ కూడా అక్కడే ఉంటుంది. షో జరిగే రెండు రోజులకి కాదు, ఏడాది పొడవునా ఉంటారు వీళ్లు. షో ఊరు మారితే వీళ్లు మారరు. ద ఫైటర్ కలెక్షన్ ఇల్లు ఇప్పటికీ డక్స్‌ఫర్డే. చర్చ్ ఫెంటన్ అక్కడికి సుమారు 200 కిలోమీటర్లు. అంటే షోకి ప్రతి విమానాన్నీ ముందురోజుల్లో వాతావరణం చూసుకుని అక్కడికి ఎగరేసుకెళ్లాలి, స్పేర్ పార్టులూ పనిముట్లూ వ్యాన్లలో మోయాలి, మళ్లీ వెనక్కి తేవాలి. మధ్యలో మబ్బు పట్టిందంటే అంతే, వీటిలో చాలావాటిని మబ్బులో నడపకూడదు.

తమ్ముడు: నేను అడిగింది రన్‌వే గురించి. జంబో జెట్ దిగగలిగే రన్‌వే ఉంటే స్పిట్‌ఫైర్ దిగలేదా?

అక్క: దిగుతుంది. కానీ పొడవు ఒక్కటే చూస్తే సరిపోదు. చర్చ్ ఫెంటన్ రన్‌వే డక్స్‌ఫర్డ్ కంటే పొడవే. స్పిట్‌ఫైర్ నేల మీద ఎలా ఉంటుందో చెప్తాను విను. మూడు చక్రాలు. రెండు ముందు, ఒక చిన్నది తోక కింద. అందుకే నేల మీద ముక్కు ఆకాశంలోకి చూస్తుంది, పైలట్‌కి ముందు ఏమీ కనిపించదు. ట్యాక్సీ చేసేటప్పుడు, అంటే నేల మీద నడిపేటప్పుడు, పాములా అటూ ఇటూ తిప్పుతూ పక్కల నుంచి చూసుకుంటూ వెళ్లాలి. ముందు చక్రాలు రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. పక్క గాలి కొడితే ఒక రెక్క లేస్తుంది. బ్రేక్ గట్టిగా వేస్తే ముక్కు నేలకి గుద్దుకుని ప్రొపెల్లర్ విరుగుతుంది.

తమ్ముడు: యుద్ధంలో ఇలాంటిదాన్ని కుర్రాళ్లకి ఇచ్చారా!

అక్క: పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలకి ఇచ్చారు. అయితే అప్పటి ఎయిర్‌ఫీల్డ్‌లు చాలావరకు విశాలమైన గడ్డి మైదానాలు. గాలి ఎటు నుంచి వస్తే అటు తిరిగి లేవొచ్చు. గడ్డి మీద టైరు కాస్త జారుతుంది, విమానం వంకరగా దిగినా క్షమిస్తుంది. తారు, కాంక్రీటు క్షమించవు, టైరు పట్టేసి విమానాన్ని గిర్రున తిప్పేస్తాయి. డక్స్‌ఫర్డ్‌లో కాంక్రీటు రన్‌వే పక్కనే దానికి సమాంతరంగా గడ్డి రన్‌వే ఉంది. ఆ రోజు గాలిని బట్టి, విమానాన్ని బట్టి పైలట్ ఎంచుకుంటాడు. అది చాలా పెద్ద సౌకర్యం.

ఇంకొకటి వేడి. స్పిట్‌ఫైర్ రేడియేటర్లు రెక్కల కింద ఉంటాయి. నేల మీద ఇంజిన్ తిరుగుతుంటే వాటికి గాలి సరిగ్గా అందదు. కొద్ది నిమిషాల్లో కూలెంట్ మరిగే దాకా వస్తుంది. ఎనిమిది స్పిట్‌ఫైర్లు ఇంజిన్లు వేసుకుని వరసలో నిలబడ్డాయనుకో, రన్‌వే చివరిదాకా ట్యాక్సీ దూరం ఎక్కువైనా, ముందు విమానం ఆలస్యం చేసినా వెనకవాళ్లు ఇంజిన్ ఆపేయాల్సిందే. బాల్బోలో ఒక్కటి ఆగితే మొత్తం లెక్క మారిపోతుంది. కాబట్టి పార్కింగ్ ఎక్కడ, ట్యాక్సీవే ఎంత, ఎన్ని పక్కపక్కన లేవగలవు, ఇవన్నీ కొత్త చోట మొదటినుంచీ ఆలోచించుకోవాలి. పాత చోట పాతికేళ్లలో అందరి వేళ్లకీ అలవాటైపోయిన పని అది.

తమ్ముడు: మరి అంత బాగున్న చోటు ఎందుకు వదిలారు?

అక్క: 2020 షో కోవిడ్ వల్ల రద్దయింది. అదే ఏడాది డక్స్‌ఫర్డ్‌లో ఇక ఫ్లయింగ్ లెజెండ్స్ ఉండదని ప్రకటన వచ్చింది. ఎయిర్‌ఫీల్డ్ మ్యూజియంది, షో ఫైటర్ కలెక్షన్‌ది. తర్వాత మ్యూజియం తన సొంత వేసవి షో మొదలుపెట్టింది. ఎవరు ఒప్పు ఎవరు తప్పు అని నేను తీర్పు చెప్పను. కానీ ఆ సమయానికి ఇంగ్లండ్‌లో ఎయిర్‌షో నడపడమే చాలా బరువైపోయింది, అది మాత్రం చెప్పాలి. 2015 ఆగస్టు 22న షోరమ్‌లో ఒక హంటర్ జెట్ విన్యాసం చేస్తూ పక్కనున్న ఏ27 రోడ్డు మీద పడింది. పదకొండు మంది చనిపోయారు. వాళ్లలో షో చూడ్డానికి రానివాళ్లున్నారు, కారులో తమ దారిన తాము పోతున్నవాళ్లున్నారు.

తమ్ముడు: అయ్యో.

అక్క: ఆ తర్వాత సివిల్ ఏవియేషన్ అథారిటీ నిబంధనలు బిగించింది. జనానికీ విమానానికీ మధ్య దూరాలు, టికెట్ లేకుండా కంచె బయట గుమిగూడేవాళ్ల సంగతి, పైలట్ల అనుమతులు, ఫీజులు, అన్నీ. నేను దీన్ని సమర్థిస్తాను. కొంతమంది అభిమానులు షో చప్పబడిపోయిందని కోప్పడతారు. రోడ్డు మీద పోయేవాడి ప్రాణం కంటే నా వినోదం ఎక్కువ కాదు. డక్స్‌ఫర్డ్ తూర్పు చివర ఎం11 మోటర్‌వే ఉంది. ఆ రోడ్డు వేసేటప్పుడే రన్‌వేని కోసి చిన్నది చేశారు. పైగా దగ్గర్లోనే స్టాన్‌స్టెడ్ విమానాశ్రయానికి కేటాయించిన గగనతలం ఉంది. కాబట్టి ఏ ఎయిర్‌ఫీల్డ్ దొరికినా ముందు చుట్టూ ఏముందో చూడాలి. రోడ్లు, ఊళ్లు, స్కూళ్లు, రైలు పట్టాలు.

తమ్ముడు: అలా చూస్తే చర్చ్ ఫెంటన్ ఎలాంటిది?

అక్క: లీడ్స్‌కీ యార్క్‌కీ మధ్య చదునైన పొలాలు. పక్కనే చిన్న ఊరు, ఆ ఊరికి రైల్వే స్టేషన్ ఉంది. 2013లో ఎయిర్‌ఫోర్స్ వెళ్లిపోయింది. తర్వాత ప్రైవేటు చేతికి వచ్చి లీడ్స్ ఈస్ట్ ఎయిర్‌పోర్ట్ అని పేరు పెట్టుకుంది. ఆ కొత్త పేరు వినగానే "ఏదో బిజినెస్ జెట్‌ల చోటుకి తీసుకెళ్లారు" అని జనం పెదవి విరిచారు. నాకు మాత్రం చాలా సంతోషమైంది. ఎందుకంటే అదీ ఫైటర్ల నేలే. 1937లో తెరిచారు. లీడ్స్, షెఫీల్డ్, హల్ లాంటి పరిశ్రమల ఊళ్లని బాంబర్ల నుంచి కాపాడటం దాని పని. ఇంకో సంగతి చెప్తాను. డక్స్‌ఫర్డ్ నుంచి బేడర్ బిగ్ వింగ్ లేచిందన్నాను కదా, బేడర్ సొంత స్క్వాడ్రన్ 242. కెనడా వాళ్లు ఎక్కువగా ఉండేవాళ్లు. ఆ స్క్వాడ్రన్‌ని 1939 అక్టోబర్‌లో మళ్లీ నిలబెట్టింది చర్చ్ ఫెంటన్‌లోనే.

తమ్ముడు: అంటే పుట్టిల్లు చర్చ్ ఫెంటన్, పేరు తెచ్చుకున్నది డక్స్‌ఫర్డ్‌లో.

అక్క: సరిగ్గా చెప్పావు. అమెరికా ఇంకా యుద్ధంలోకి రాకముందే, బ్రిటన్ తరఫున పోరాడటానికి వచ్చిన అమెరికన్ కుర్రాళ్లతో మొదటి ఈగిల్ స్క్వాడ్రన్, 71వది, 1940 సెప్టెంబర్‌లో ఇక్కడే ఏర్పడింది. 1940 మేలో 249 స్క్వాడ్రన్ కూడా ఇక్కడే మళ్లీ మొదలైంది. ఆ స్క్వాడ్రన్‌లో జేమ్స్ నికల్సన్ ఉండేవాడు. అతని గురించి కాస్త ఆగి చెప్పాలి.

1940 ఆగస్టు 16న సౌతాంప్టన్ దగ్గర అతని హరికేన్ ఫైటర్‌కి మంటలంటుకున్నాయి. దూకేయబోతూ ఎదురుగా శత్రు విమానం కనిపిస్తే మళ్లీ సీట్లో కూర్చుని దాన్ని కాల్చాడు. చేతులూ ముఖమూ కాలిపోయాక పారాచ్యూట్‌తో దూకాడు. యుద్ధం మొత్తంలో ఫైటర్ కమాండ్‌లో విక్టోరియా క్రాస్, అంటే బ్రిటన్ అత్యున్నత సాహస పతకం, వచ్చింది అతనొక్కడికే. అతని భార్యది చర్చ్ ఫెంటన్ పక్కనే, ట్యాడ్‌కాస్టర్ దగ్గరి పల్లె. కోలుకున్నాక ఇండియా వచ్చాడు. మస్కిటో విమానాలున్న 27వ స్క్వాడ్రన్ నడిపాడు. 1945 మే 2న ఒక లిబరేటర్ బాంబర్‌లో వెళ్తుంటే అది మన బంగాళాఖాతంలో కూలిపోయింది. అతను తిరిగి రాలేదు. అప్పటికి ఐరోపాలో యుద్ధం ముగియడానికి వారం కూడా లేదు.

తమ్ముడు: మన సముద్రంలో... ఇది నాకు తెలీదు అక్కా.

అక్క: చాలామందికి తెలీదు. అందుకే షో చర్చ్ ఫెంటన్‌కి వెళ్తే అక్కడి కథలు చెప్పే అవకాశం వస్తుందనుకున్నాను. డక్స్‌ఫర్డ్ కథలు వందసార్లు చెప్పారు, పుస్తకాలున్నాయి, మ్యూజియం ఉంది. చర్చ్ ఫెంటన్ గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

తమ్ముడు: మరి 2023 షో ఎలా జరిగింది?

అక్క: జూలై 15, 16. అదే వారాంతంలో ఫెయిర్‌ఫర్డ్‌లో రాయల్ ఇంటర్నేషనల్ ఎయిర్ టాటూ, ప్రపంచంలోని పెద్ద మిలటరీ ఎయిర్‌షోలలో ఒకటి. అభిమానులు రెండుగా చీలారు. పైగా ఆ శనివారం ఇంగ్లండ్ అంతా ఈదురుగాలి. ఇందాక స్పిట్‌ఫైర్ చక్రాల గురించి చెప్పింది గుర్తుందిగా? ఆ గాలిలో చాలా విమానాలు నేల మీదే ఉండిపోయాయి. వానకి కాదు, గాలికి. టికెట్ కొన్నవాళ్లకి బాధ ఉంటుంది, కాదనను. కానీ ప్రపంచంలో ఒక్కటే మిగిలిన విమానాన్ని ఆ గాలిలో లేపమని ఏ మనసున్న మనిషీ అడగడు. ఎగరను అని చెప్పిన పైలట్ల మీద నాకు గౌరవం పెరిగింది. కొత్త చోట మొదటి షో, వేలమంది కళ్లు నీ మీద ఉన్నాయి, అప్పుడు కాదు అనడం చాలా కష్టం.

తర్వాతి ఏడాది అక్కడ షో జరగలేదు. నా మనసులో మాట చెప్పనా? ఒక్క ఏడాదితో ఏ ఎయిర్‌ఫీల్డ్‌నీ లెక్కగట్టకూడదు. ట్రాఫిక్ ఎటు మళ్లించాలి, బస్సులు ఎక్కడ ఆగాలి, స్పిట్‌ఫైర్లని ఎక్కడ నిలబెడితే వేడెక్కకుండా లేస్తాయి, ఇవన్నీ రెండు మూడేళ్లు చేస్తేగానీ కుదురుకోవు. డక్స్‌ఫర్డ్‌కి పాతికేళ్లు పైగా సమయం ఇచ్చాం. చర్చ్ ఫెంటన్‌కి ఒక్క వారాంతం ఇచ్చాం, అదీ ఈదురుగాలి వారాంతం.

తమ్ముడు: ఒక కష్టమైన ప్రశ్న అడుగుతాను. ఇంత అపురూపమైనవాటిని అసలు ఎగరేయడం ఎందుకు? 2011లో డక్స్‌ఫర్డ్‌లోనే రెండు ఢీకొన్నాయని చదివాను.

అక్క: ఢీకొన్నాయి. జూలై 10న, ఫ్లయింగ్ లెజెండ్స్‌లోనే. ఒక మస్టాంగ్, ఒక స్కైరైడర్. మస్టాంగ్ పైలట్ పారాచ్యూట్‌తో బయటపడ్డాడు. స్కైరైడర్ రెక్క చివర పోయినా దిగింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ప్రతిసారీ అలా ఉండదు. అందుకే నీ ప్రశ్న న్యాయమైనదే. నా సమాధానం ఇది. ఎగరని విమానం చుట్టూ తాడు కడతారు, పిల్లలు ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. ఎగిరే విమానం చుట్టూ పని నేర్చుకునే కుర్రాళ్లుంటారు. ఆ ఇంజిన్‌ని ఎలా మోగించాలో, ఏ శబ్దం వస్తే ఆపేయాలో కాగితం మీద ఉండదు, చేతి నుంచి చేతికి రావాలి. ఎగరడం ఆపేస్తే పదేళ్లలో ఆ విద్య పోతుంది. ప్రపంచంలో ఒక్కటే ఉన్నవాటి విషయంలో మాత్రం ఎక్కువ జాగ్రత్త పడాలి, తక్కువగా ఎగరేయాలి. ఆ మాట ఫైటర్ కలెక్షన్ అభిమానులకి నచ్చకపోయినా చెప్తాను.

తమ్ముడు: మనవాళ్లకి ఇందులో ఏం సంబంధం అని వినేవాళ్లు అనుకుంటూ ఉంటారు. హైదరాబాద్ పేరుతో స్క్వాడ్రన్‌లు ఉండేవట కదా?

అక్క: ఉండేవి. మొదటి యుద్ధంలోనే ఉస్మాన్ అలీఖాన్ డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్9ఏ బాంబర్లు వచ్చాయి. ఒక్కో విమానం మీద హైదరాబాద్ అని రాసి నంబర్ వేశారు. వాటిలో ఒకటి, ఎఫ్1010, 1918 అక్టోబర్‌లో జర్మన్ల నేల మీద దిగిపోవాల్సి వచ్చింది. వాళ్లు బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. తర్వాతి యుద్ధంలో అది పోలాండ్ చేరింది. 1977లో ఇంగ్లండ్‌కి తిరిగొచ్చింది. దాని పేరు హైదరాబాద్ నంబర్ 12ఏ. రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది.

తమ్ముడు: రెండో యుద్ధంలో?

అక్క: చందా ఇచ్చిన చోటి పేరు స్క్వాడ్రన్‌కి పెట్టేవాళ్లు. 152వది హైదరాబాద్ స్క్వాడ్రన్. 253వది హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్, హరికేన్లు. 152 వాళ్లు 1939 చివర్లో గ్లాడియేటర్లతో మొదలై స్పిట్‌ఫైర్లకి మారి, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో డార్సెట్ తీరంలో వామ్‌వెల్ నుంచి పోరాడారు. వాళ్ల చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. తర్వాత బర్మా సరిహద్దుకొచ్చి జపాన్ వాళ్లతో పోరాడారు. 79వది మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్. అప్పట్లో కోస్తా, రాయలసీమ రెండూ ఆ ప్రెసిడెన్సీలోనివే.

తమ్ముడు: ఇక్కడ నేనొక మాట చెప్తాను. నిజాం ఇచ్చాడు అంటాం. ఆ ఖజానా తెలంగాణ రైతుల శిస్తుతో నిండినది. మద్రాస్ చందాలు జిల్లాల నుంచి కలెక్టర్ల చేత వసూలైన రోజులవి. విమానం మీద పేరు ఒకరిది, చెమట ఇంకొకరిది.

అక్క: నిజమేరా. షోలో గ్లాడియేటర్ వచ్చినప్పుడు వ్యాఖ్యాత ఇంజిన్ గురించి, రెక్కల గురించి చెప్తాడు. ఈ మాటా చెప్పాలని నా కోరిక. జాలహళ్లి నుంచి వెళ్లిన స్పిట్‌ఫైర్ గురించి చెప్పేటప్పుడు అక్కడ దాని మీద పని నేర్చుకున్న మన మెకానిక్‌ల గురించి కూడా చెప్పాలి. చూడ్డానికొచ్చే మన పిల్లలు వింటారు. ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లలకి యుద్ధం అంటే స్కూల్లో చెప్పే తెల్లవాళ్ల కథ మాత్రమే.

తమ్ముడు: మన బేగంపేటలో ఇలాంటి షో పెట్టొచ్చా? యుద్ధ కాలంలో అక్కడ పైలట్ శిక్షణ కేంద్రం ఉండేది, టైగర్ మాత్‌లు ఎగిరేవి. చరిత్రకి లోటు లేదు.

అక్క: చరిత్రకి లోటు లేదు, ఖాళీకి లోటుంది. చుట్టూ ఇళ్లు, ఫ్లైఓవర్లు. షోరమ్ తర్వాత ఆలోచించేవాళ్లెవరూ అక్కడ కింది ఎత్తులో విన్యాసాలకి ఒప్పుకోరు. దుండిగల్ అకాడమీ వైపు అయితే ఆలోచించొచ్చు. కానీ ముందు ఎగిరే విమానాలుండాలి. మన ఎయిర్‌ఫోర్స్‌కి వింటేజ్ ఫ్లైట్ ఉంది. 2018లో పరశురామ అనే డకోటా రవాణా విమానం వచ్చింది, రాజీవ్ చంద్రశేఖర్ ఇంగ్లండ్‌లో బాగుచేయించి ఇచ్చారు. ఆయన తండ్రి డకోటా పైలట్. దాని తోక మీద నంబర్ వీపీ905, 1947 అక్టోబర్‌లో శ్రీనగర్‌లో మన సైన్యాన్ని దింపిన డకోటాది. అలాంటివి ఇంకో నాలుగు ఉంటే, వాటి దగ్గర పని నేర్చుకునే పాలిటెక్నిక్ పిల్లలు పదిమంది ఉంటే, షో తర్వాత సంగతి.

తమ్ముడు: సరే, నేను వచ్చే వేసవిలో వస్తున్నాను. ఫ్లయింగ్ లెజెండ్స్ లేకపోతే ఎక్కడికి తీసుకెళ్తావు?

అక్క: డక్స్‌ఫర్డ్ ఎలాగూ చూపిస్తాను, షో లేని రోజున కూడా హ్యాంగర్లలో పని నడుస్తూ ఉంటుంది. ఇంకొకటి ఓల్డ్ వార్డెన్, షటిల్‌వర్త్ కలెక్షన్ ఉండే చోటు. అది పూర్తిగా గడ్డి రన్‌వే. అక్కడ కొన్ని షోలు సాయంత్రం పెడతారు. పొద్దుగుంకే వేళకి గాలి పడిపోతుంది కాబట్టి, మరీ పాతకాలపు విమానాల్ని అప్పుడు బయటికి తీస్తారు. టికెట్ బుక్ చేసే ముందు వాన సంగతి నన్ను అడగొద్దు, గాలి ఎంతుందో అడుగు. గంటకి ముప్ఫై కిలోమీటర్లు దాటిందంటే ఇంకో వారం చూసుకుందాం.